వాన కురిసి ఉంటే

అమెరికన్ రచయితలు డేవిడ్ డ్రేక్, ఎరిక్ ఫ్లింట్ రాసిన బెలిసేరియస్ నవలలు ఆరు. మొదటిది 1998లో వచ్చింది, చివరిది 2006లో. క్రీ.శ. 6వ శతాబ్దంలో ఉత్తర భారతాన్ని ఏలే మాల్వా సామ్రాజ్యానికి, భవిష్యత్తు నుంచి వచ్చిన ఒక యంత్రబుద్ధి మందుగుండు విద్య నేర్పుతుంది. లోకమంతా దానికి లొంగిపోయేలా ఉన్న వేళ రోమన్ సేనాని బెలిసేరియస్ ఎదురు నిలుస్తాడు. మనం ఉలిక్కిపడేది ఆ తర్వాత. మాల్వా చేతిలో కూలిన రాజ్యాల్లో ఆంధ్ర ఒకటి. రాజధాని అమరావతి. ప్రాణాలతో మిగిలిన శాతవాహన వంశపు ఆడబిడ్డ శకుంతల. పోయిన రాజ్యాన్ని ఆమె తిరిగి నిలబెట్టుకోవడం ఆ నవలల్లో ఒక ముఖ్య కథ.

నిజానికి శాతవాహనులు 3వ శతాబ్దం తొలి పాదానికే తెరమరుగయ్యారు. బెలిసేరియస్ దారా యుద్ధం గెలిచిన 530 ప్రాంతంలో ఇక్కడ విష్ణుకుండినులు ఏలుతున్నారు. 11 అశ్వమేధాలు చేసినట్టు శాసనాలు చెప్పే మాధవవర్మ ఆ వంశం వాడే. ఆ అమెరికన్ రచయితలు మూడు వందల ఏళ్లు అటూ ఇటూ జరిపారని తగాదా పడనక్కరలేదు, చరిత్రను దారి మళ్లించి ఊహించే ఈ కోవ రచనకు ఆ వెసులుబాటు ఉంటుంది. నా బాధ వేరు. మన నేల మీద జరిగిన ఊహా యుద్ధాన్ని అంత దూరాన ఉన్నవాళ్లు రాస్తే, ఖమ్మం దాటి కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో చరిత్రను అడుగడుగునా తొక్కుతూ నడిచే మనం ఆ పని ఇంకా గట్టిగా తలకెత్తుకోలేదు. ‘ఆదిత్య 369’ సినిమా 1991లోనే మనల్ని 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు తీసుకెళ్లింది. చూసి మురిసి తిరిగొచ్చాం, చరిత్ర దారి మాత్రం మళ్లించలేదు.

ఈ రకం కథలకు తాతలాంటిది స్ప్రేగ్ డి క్యాంప్ నవల ‘లెస్ట్ డార్క్‌నెస్ ఫాల్’. 1939లో పత్రికలో, 1941లో పుస్తకంగా వచ్చింది. అందులో పాడ్వే అనే పురావస్తు పరిశోధకుడు పిడుగుపాటుతో 535 నాటి రోముకు చేరతాడు. అతను మొదట చేసింది ఆయుధం కాదు. అప్పు తెచ్చి సారా బట్టీ పెట్టాడు. గుమాస్తాలకు మన దేశంలో పుట్టిన అంకెలతో జమాఖర్చు రాయడం నేర్పాడు, అచ్చుయంత్రం చేయించాడు. తుపాకిమందు చేయబోతే అది పనిచేయలేదు. రాజ్యాల రాత మార్చేవి ఫిరంగుల కన్నా ముందు లెక్కలూ తిండీ నీళ్లూ అని ఆ నవల అంత పాతకాలంలోనే పట్టుకుంది. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఉన్న మన అడవి అంచు కథకు కావలసింది ఈ చూపే.

ఖమ్మం దగ్గరి నేలకొండపల్లి తీసుకోండి. మట్టికోట గోడ, మహాస్తూపం, విహారాలు, బావులు, సున్నపురాతి బుద్ధుడి శిల్పాలు అక్కడ తవ్వకాల్లో బయటపడ్డాయి. ఊరివాళ్లు ఆ దిబ్బల్ని విరాటుడి కొలువంటారు, కీచకుడి కథ చెప్తారు. భద్రాచలానికి ఎగువన పినపాక మండలం జానంపేట చుట్టుపక్కల అడవిలో ఇనుప యుగం నాటి సమాధులున్నాయి. నిలువు రాళ్ల మీద మంచమంత, కొన్నిచోట్ల అంతకన్నా పెద్ద బండను కప్పుగా పరిచారు. లోపల కొన్నింట్లో ఒకే రాయిని తొలిచిన తొట్టెలు. జనం వాటిని రాకాసి గుళ్లంటారు. భద్రాచలం దగ్గరి పర్ణశాలలో సీతమ్మ నారచీరలు ఆరేసిన రాళ్లు చూపిస్తారు. ఊహకు లోటు లేదిక్కడ. తవ్వకపు ఆధారం ఒక చేతిలో, ఊరి కథ మరో చేతిలో పట్టుకుని, రెంటినీ కలగాపులగం చేయకుండా నడిపే రచయిత కావాలి.

ఆ రచయిత ముందు నేలను చదవాలి. ఖమ్మం పక్కన పారే మున్నేరు కృష్ణలో కలుస్తుంది, కిన్నెరసాని గోదావరిలో కలుస్తుంది. కృష్ణా గోదావరుల మధ్య మిట్ట మీదే కథలోని సేనలు నడవాలి. ఆషాఢం దాటాక గోదావరి ఎవరి మాటా వినదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఏనుగుల్నీ గుర్రాల్నీ వెంటేసుకుని ఒడ్డున దిగిన సేనాని ఎన్ని రోజులు కాచుకోగలడు? దళానికి గింజలు ఎక్కడివి? చలిజ్వరం ఎందరిని తింటుంది? ఇప్పపువ్వు, కందమూలాలతో నెట్టుకురాగల కోయ దళానికి గింజల బెంగ లేదు. యుద్ధం అక్కడే సగం తేలిపోతుంది.

ఇక మేడారం కథ. అది ప్రాచీనం కాదు, కాకతీయుల నాటిది. అయినా చరిత్ర దారి మళ్లగల చోటు ఇంత స్పష్టంగా కనిపించే కథ మనకు మరొకటి లేదు. వరసగా కరువు. మేడారాన్ని ఏలే కోయ దొర పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడు. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి సేన వచ్చింది. పగిడిద్దరాజు, ఆయన కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజులు నేలకొరిగారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడు. గాయపడ్డ ఆయన భార్య సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనుమరుగైంది, వెతికినవాళ్లకు దొరికింది కుంకుమ భరిణె. ఈ కథలో మలుపు కత్తి దగ్గర లేదు, వాన దగ్గర ఉంది.

వానను మార్చడం రాజు చేతిలో లేదు సరే, చెరువు? కాకతీయుల దగ్గర లేని విద్య కాదది. లక్నవరం, రామప్ప చెరువులు మేడారానికి దూరం కావు. ఇనుపరాయికి పేరుపడ్డ బయ్యారంలో చెరువుగట్టున కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ శాసనం ఉంది. ఆ కరువు ఏళ్లలో సేనకు బదులు ఒడ్డెర్లను పంపి చెరువు తవ్వించి ఉంటే, అడవి కాకతీయుల రాజధాని ఓరుగల్లుకు అండగా నిలిచి ఉంటే, 1323లో దాని మీదికొచ్చిన ఢిల్లీ సేనలకు ఎదురైన దారి ఎలా ఉండేది? సరఫరా బండ్లు ఎక్కడ ఆగేవి? నాకైతే బెలిసేరియస్ రాకెట్ల కన్నా ఈ ప్రశ్నలో ఎక్కువ యుద్ధం కనిపిస్తుంది.

అయితే ఒక జాగ్రత్త. కోయలకు సమ్మక్క పాత్ర కాదు, వేలుపు. రెండేళ్లకోసారి తమ ఎత్తు బెల్లాన్ని బంగారమని సమర్పించే జనం ఎదుట ఆ తల్లిని మన ఇష్టం వచ్చినట్టు గెలిపించి చప్పట్లు కొట్టించుకోకూడదు. మార్చవలసింది రాజు నిర్ణయాన్ని, అమ్మ త్యాగాన్ని కాదు. ఆ కథను తరతరాలుగా మోసినవాళ్లు డోలు వాయిస్తూ పాడే డోలి కోయలు. వాళ్లలో ఒకడైన, మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య చదువురాని మనిషి, వంశాల చరిత్రంతా నోటికి పాడేవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశాడు. రాయబోయేవాళ్లు లైబ్రరీకి వెళ్లే ముందు ఇంకా పాడుతున్న డోలి ఇళ్లకు వెళ్లాలి, విన్నది విన్నట్టు రాసుకోవాలి, పాడినవారి పేరు కథ మొదటి పేజీలోనే వేయాలి. అలాంటి కథలకు ఈ పత్రికలో చోటుంటుంది, నిడివి ఎంతైనా సరే. కోయ భాషలో రాసి పంపితే పక్కన తెలుగు పెట్టి రెండూ అచ్చు వేస్తాం.