గెలిచిందెవరో సరే, పోయిందెవరు?

పరీక్షలొస్తే చాలు, ప్రతి ఇంట్లో ఇదే వల్లెవేత. "మొదటి పానిపట్టు యుద్ధం 1526, రెండోది 1556, మూడోది 1761." మా అమ్మాయి అలా బట్టీ పడుతుంటే వంటింట్లోంచి అడిగాను, "ఆ మూడో యుద్ధంలో ఎంతమంది పోయారే?" అని. "అవన్నీ పరీక్షలో అడగరమ్మా. ఎవరు గెలిచారో రాస్తే చాలు" అంది.

దాని తప్పేముంది? మనమూ అలాగే చదువుకున్నాం. యుద్ధమంటే రెండు మార్కుల ప్రశ్న. గెలిచినవాడు గొప్పవాడు, ఓడినవాడు చేతకానివాడు. పదేళ్లు ఇలా చదివిన పిల్లలు, టీవీలో యుద్ధం వార్త రాగానే క్రికెట్ స్కోరులా అడిగితే ఆశ్చర్యమెందుకు?

కళింగ యుద్ధాన్నే తీసుకోండి. అశోకుడు మారిపోయాడని రాస్తే మార్కులు పడతాయి. కానీ 13వ శిలాశాసనంలో ఆయన లెక్క కూడా చెప్పాడు. లక్షమంది హతులయ్యారు, లక్షన్నర మందిని చెరపట్టి తీసుకుపోయారు, అంతకు ఎన్నో రెట్ల మంది ఆపైన చనిపోయారు. తాము క్షేమంగా ఉన్నా అయినవాళ్ల కష్టం చూసి కుమిలినవాళ్లనూ తలచుకున్నాడు. ఆ శాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా ఉన్నాయి. 2,200 ఏళ్ల కిందట గెలిచిన రాజుకే తోచిన సంగతి మన ప్రశ్నపత్రాలకు తోచదేం?

రెండో ప్రపంచ యుద్ధమనగానే హిట్లర్, చర్చిల్ పేర్లు చెబుతారు పిల్లలు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయని ఎంతమందికి తెలుసు? మరుసటి ఏడాది బెంగాల్ కరువులో లక్షల ప్రాణాలు పోవడానికి ఆ యుద్ధమూ ఒక కారణమని?

వీరుల కథలు వద్దని కాదు. సైనికుడి త్యాగానికి దండం పెట్టాల్సిందే. ఆ త్యాగం విలువ తెలియాలన్నా, యుద్ధానికి ఎవరెంత మూల్యం చెల్లించారో తెలియాలి కదా!

1870 నుంచి 1945 లోపు మూడుసార్లు కొట్టుకున్న ఫ్రాన్స్, జర్మనీలు 2006లో రెండు దేశాల పిల్లలకూ ఒకే చరిత్ర పుస్తకం తెచ్చాయి. 2003లో ఆ కోరిక కోరింది ఆ దేశాల విద్యార్థులే.

సిలబస్ మార్చడం మన చేతుల్లో లేదు. కానీ చాలా ఇళ్లలో పాఠం అప్పజెప్పించుకునేది మనమే. అప్పుడు రెండు ప్రశ్నలు కలుపుదాం. ఈ యుద్ధంలో ఎవరి ఇళ్లు కూలాయి? దీన్ని ఆపగలిగినవాళ్లు ఎవరు, ఎందుకు ఆపలేదు?

వీటికి మార్కులు రావు. అయినా అడుగుదాం. రేపు యుద్ధమా, శాంతా అని తేల్చాల్సింది ఈ పిల్లలే.