లెక్కకు రాని గంటలు

మే నెలాఖరు దగ్గర పడుతోందంటే అమెరికా హైస్కూళ్లలో పన్నెండో తరగతి పిల్లలకు పండగ. సీనియర్లని పిలిచే ఆ పిల్లలు బడి విడిచి వెళ్లేలోపు ఒక సాయంత్రం అచ్చంగా వాళ్ల కోసమే సభ పెడతారు. ఊళ్లోని సేవా క్లబ్బుల నుంచి తల్లిదండ్రుల సంఘం దాకా తలా ఒక పురస్కారం ఇస్తారు. చదువులో మేటికి ఒకటి, నాయకత్వానికి ఒకటి, సేవకు ఒకటి. స్నాతకోత్సవం నాడు గౌను మీద మెడలో వేలాడే రంగురంగుల తాళ్లను బట్టి ఎవరు ఎందులో దిట్టో దూరం నుంచే తెలిసిపోతుంది. తెలుగు పిల్లలున్న బళ్లలో పేరు పిలవడం కూడా ఒక ఘట్టమే. ఇంటిపేరు, పెట్టిన పేరు, మధ్యలో తాతగారి పేరు కలిసి వచ్చేసరికి మైకు ముందున్న పెద్దమనిషి తడబడతాడని, ఎలా పలకాలో పిల్లల చేతే ముందుగా ఒక కార్డు మీద రాయించుకుంటారు. ఆయన లోలోపల ఒకసారి అనుకుని, ధైర్యం చేసి పైకి పలికి, సరిగ్గా అన్నానా అన్నట్టు చూస్తాడు. అమ్మాయి నవ్వుతూ తలూపుతుంది. వెనక వరసలో నాన్న ఫోను పైకెత్తి వీడియో తీస్తుంటాడు.

ముచ్చటైన సన్నివేశమే. మన దగ్గర సత్కారమంటే మాత్రం మార్కులే. పది, ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికల మొదటి పేజీలు చిన్నచిన్న ఫొటోలతో కిక్కిరిసిపోతాయి. టీవీ పెడితే ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అంటూ ఊపిరి తీసుకోకుండా సాగే ర్యాంకుల దండకం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమిచ్చే సత్కారానికి ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త పేరు వస్తుంది. ప్రతిభా అవార్డులన్నారు, ఆణిముత్యాలన్నారు, షైనింగ్ స్టార్స్ అంటున్నారు. కొలబద్ద మాత్రం పాతదే. అలాగని ఆ సభలను తీసిపారేయనక్కర్లేదు. జడ్పీ హైస్కూల్లో చదివిన కూలీల బిడ్డ తల్లితో కలిసి వేదిక ఎక్కి మెడల్ అందుకోవడం ఆ ఇంటికే కాదు, ఆ వీధికంతటికీ గొప్ప. అయితే ఆ వేదిక మీద బిడ్డ గురించి చదివేది ఆరువందలకు ఎన్ని అన్న ఒక్క అంకెనే.

చదువొక్కటే చాలదన్న ఆలోచన అమెరికా బళ్లలో పాతదే. అక్కడి ప్రిన్సిపాళ్ల జాతీయ సంఘం 1921లో నేషనల్ ఆనర్ సొసైటీని ప్రారంభించింది. పిట్స్‌బర్గ్‌లోని ఫిఫ్త్ అవెన్యూ హైస్కూల్లో దాని మొదటి శాఖ ఏర్పడింది. విద్య, నాయకత్వం, సేవ, శీలం అనే నాలుగూ చూసి సభ్యత్వం ఇవ్వాలని అప్పుడే పెట్టుకున్నారు. దేశం మొత్తం మీద సీనియర్లకు దక్కే అతి పెద్ద గౌరవాల్లో ఒకటి ప్రెసిడెన్షియల్ స్కాలర్ అనిపించుకోవడం. లిండన్ జాన్సన్ 1964లో అధ్యక్షుడి ఉత్తర్వుతో దీన్ని మొదలుపెట్టారు. 1979లో కళల్లో రాణించే పిల్లలను, 2015లో వృత్తి, సాంకేతిక విద్య చదివే పిల్లలను కూడా చేర్చారు. ఏటా లక్షల మంది హైస్కూలు పూర్తి చేసే ఆ దేశంలో ఈ గౌరవం దక్కేది గరిష్ఠంగా 161 మందికి. దీనికి ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకునే వీలు లేదు. పిలుపు రావాలి. ఎక్కువమంది విషయంలో పరీక్షల్లో వచ్చిన మార్కుల మీద మొదటి వడపోత జరిగాక వ్యాసాలు, బడి నివేదికలు, నాయకత్వం, సేవ అన్నీ పరిశీలిస్తారు.

ఈ ఏర్పాటులో అన్నిటికన్నా మెచ్చుకోదగింది మరొకటుంది. ఎంపికైన ప్రతి విద్యార్థీ తన మీద ఎక్కువ ప్రభావం చూపిన ఉపాధ్యాయుణ్ణి ఒకరిని చెప్పవచ్చు. ఆ మాస్టారికో టీచరమ్మకో కూడా ప్రభుత్వం గుర్తింపు ఇస్తుంది. 1983 నుంచీ ఈ పద్ధతి ఉంది. ఆ పేరు తాజాగా పాఠం చెప్పిన వారిదే కానక్కర్లేదు. పద్ధెనిమిదేళ్ల పిల్ల ఒక క్షణం ఆగి, నేనిక్కడి దాకా రావడానికి ఎవరు కారణమని వెనక్కి తిరిగి చూసుకోవాలి. బహుమతి పుచ్చుకునే చేత్తోనే ఇంకొకరికి నమస్కారం పెట్టించే ఏర్పాటు ఇది. మన గురుపూజోత్సవాల్లో ఉత్తమ ఉపాధ్యాయుల జాబితా శాఖాధికారుల నుంచి వస్తుంది. పిల్లల నోటి నుంచి వచ్చే జాబితా ఒకటుంటే అందులో పేర్లు వేరుగా ఉంటాయేమోనని ఎవరికైనా అనిపిస్తే తప్పు లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా సేవను కొలవడంలో వచ్చింది. మార్కులకు పరీక్ష ఉంది. సేవకు ఏముంది? గంటలున్నాయి. హైస్కూలు పట్టా కావాలంటే ప్రతి విద్యార్థీ సమాజసేవ చేసి తీరాలన్న నిబంధనను అమెరికాలో మొదట పెట్టిన రాష్ట్రం మేరీలాండ్. 1992లో నిర్ణయించి 1997లో బయటికి వచ్చిన తరగతి నుంచి అమలు చేశారు. బడి ముగిసేలోపు 75 గంటలు పూర్తి చేయాలి. పక్కనే ఉన్న రాజధాని వాషింగ్టన్‌లో అది 100 గంటలు. ఉద్దేశం మంచిదే. లైబ్రరీలో పుస్తకాలు సర్దితేనో, ఆహార నిధి గోదాములో డబ్బాలు మోస్తేనో తనదికాని లోకం ఒకటుందని పిల్లకు తెలుస్తుంది. ఒకసారి తెలిశాక గంటలు చూసుకోకుండా వెళ్లే పిల్లలూ ఉన్నారు. కానీ ఫారం మీద సంతకం కోసం నిలబడ్డప్పుడు వారికీ, గడియారం చూసుకుంటూ నిలబడ్డవారికీ తేడా కనిపించదు. మన కాలేజీల్లో జాతీయ సేవా పథకానిదీ ఇదే తంతు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో మొదలైన ఆ పథకంలో సర్టిఫికెట్ రావాలంటే రెండేళ్లలో 240 గంటలు. శిబిరంలో చెట్లు నాటి ఫొటో దిగిన మర్నాడు వాటికి నీళ్లు పోసింది ఎవరో ఆ గంటల పట్టికలో ఉండదు.

అమెరికాలో ఈ గంటల లెక్క కాలేజీ అడ్మిషన్ దాకా పాకింది. చాలా విశ్వవిద్యాలయాలు వాడే కామన్ యాప్ అనే దరఖాస్తులో విద్యార్థి తన వ్యాపకాలను చెప్పుకోవడానికి పది గళ్లు ఇస్తారు. ఒక్కోదాన్ని వివరించడానికి 150 అక్షరాలకు మించి వీల్లేదు. నాలుగేళ్ల సేవ, నాయకత్వం అంతా అందులో ఇమడాలి. దాంతో కొన్ని ఇళ్లల్లో ఏడో తరగతి నుంచే గళ్లు నింపే పని మొదలవుతుంది. మనవాళ్లూ ఇందులో వెనకబడి లేరు. ఎంసెట్ బెంగ వదిలించుకుని విమానం ఎక్కామనుకున్న తల్లిదండ్రులు అక్కడికెళ్లి ఇంకో బెంగ తగిలించుకున్నారు. శనివారం కూచిపూడి, ఆదివారం బాలవికాస్, మధ్యలో డిబేట్, ఆపైన ఒక స్వచ్ఛంద సంస్థ. ఉన్న సంస్థలో చేరితే సభ్యుడే అవుతాడు. కొత్తది పెడితే వ్యవస్థాపకుడు. అందుకని పదహారేళ్లకే వ్యవస్థాపకులైన వాళ్లు బోలెడుమంది తయారవుతున్నారు. వాళ్లందరికీ సభ్యులు దొరకడమే కష్టం. పిల్లలను ఆక్షేపించి లాభం లేదు. పెద్దలు ఏ తక్కెడ పెడితే వాళ్లు దాంట్లోనే తూగుతారు.

నాయకత్వం సంగతీ అంతే. ఫారంలో నాయకత్వమంటే హోదా. విద్యార్థి సంఘం అధ్యక్షురాలు, జట్టు కెప్టెన్, పత్రిక సంపాదకుడు. మన బళ్లలోనూ క్లాస్ లీడరంటే మాస్టారు లేనప్పుడు మాట్లాడిన వాళ్ల పేర్లు బోర్డు మీద రాసే ఘనుడే కదా! కొత్తగా చేరి ఒంటరిగా అన్నం తింటున్న పిల్ల పక్కకు వెళ్లి కూర్చున్న అమ్మాయికి ఏ హోదా ఉంటుంది? పరీక్ష తప్పిన స్నేహితుణ్ణి ఆ సాయంత్రం ఒంటరిగా వదలని కుర్రాడికి ఏ తాడు వేస్తారు?

అసలు బాధ ఇంకోచోట ఉంది. ఇంటెడు చాకిరి చేసే పిల్లలకు ఈ పట్టికల్లో చోటెక్కడ? నాన్న నడిపే చిన్న మోటెల్లో కౌంటర్ దగ్గర కూర్చునే అబ్బాయి, అమ్మ రెండో షిఫ్టుకు వెళితే తమ్ముడికి అన్నం పెట్టి హోంవర్కు చేయించే అమ్మాయి, ఇంగ్లీషు రాని అమ్మమ్మను క్లినిక్‌కు తీసుకెళ్లి ఎక్కడ నొప్పో డాక్టరుకు చెప్పి, డాక్టరు చెప్పింది మళ్లీ అమ్మమ్మకు తెలుగులో చెప్పే పిల్ల. అదే పిల్ల ఆ సమయంలో ముక్కూమొహం తెలియని వృద్ధుల ఆశ్రమానికి వెళ్లి కూర్చుంటే రెండు గంటల సేవ. సొంత అమ్మమ్మ దగ్గర ఉంటే సున్నా. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు. వారాంతాల్లో జీతానికి పనిచేస్తే తప్ప ఇల్లు గడవని పిల్లలకు ఉచితంగా చేసే సేవకు తీరిక ఎక్కడిది? తీరిక కూడా ఒక ఆస్తేనని ఈ పురస్కారాల వరస చూస్తే అర్థమవుతుంది.

ఈ మాట అక్కడివాళ్లూ అనుకున్నారు. హార్వర్డ్ విద్యావిభాగంలోని ఒక బృందం 2016లో టర్నింగ్ ది టైడ్ అనే నివేదికను తెచ్చింది. గళ్లు నింపే పోటీని తగ్గించండి, తమ్ముళ్లను చెల్లెళ్లను చూసుకోవడం, ఇంటి ఖర్చుల కోసం పనిచేయడం కూడా గౌరవించదగిన సేవగా చూడండి అని కాలేజీలకు అది చెప్పింది. కామన్ యాప్‌లోనూ కుటుంబ బాధ్యతలను, జీతానికి చేసే పనిని వ్యాపకాలుగా రాసుకునే వీలుంది. అయితే వీలుండటం వేరు, రాసుకోవాలని తోచడం వేరు. పిల్లలు దాన్ని సేవ అనుకోరు. అమ్మమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లడాన్ని ఎవరైనా దరఖాస్తులో రాస్తారా అని నవ్వేస్తారు. ఆ నవ్వు చూస్తే ముచ్చటేస్తుంది, పురస్కారం దగ్గరికొచ్చేసరికి అదే వాళ్లను వెనక్కి నెడుతుంది.

మన ఊళ్లకు వద్దాం. ఇక్కడి బళ్లలో సేవకు ఫారమే లేదు కాబట్టి లెక్క తప్పే ప్రమాదమూ లేదు. కానీ మండలానికొక హైస్కూలుకు వెళ్లి చూస్తే ఆ తరగతిలో కనీసం అరడజను మంది ఊరికి గుమస్తాలే. పెద్దాయన పీఎం కిసాన్ ఈ-కేవైసీ కోసం ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చుంటాడు. బడి నుంచి వస్తున్న పదో తరగతి పిల్లను పిలిచి, అమ్మాయ్, ఇదేదో నంబరడుగుతోంది చూడమ్మా అంటాడు. ఆ పిల్ల సంచీ భుజాన ఉండగానే ఫోను అందుకుని, ఆధార్ నంబరు కొట్టి, మెసేజ్ వచ్చేదాకా నిలబడి, అంకెలు చూసి టైపు చేసి, తాతా ఈ నంబరు ఎవరు ఫోన్ చేసి అడిగినా చెప్పకు అని హెచ్చరించి మరీ వెళుతుంది. బ్యాంకులో విత్‌డ్రాయల్ ఫారం నింపేదీ ఆమే, గ్యాస్ బుక్ చేసేదీ ఆమే. ఇంటికెళ్లాక ఆవుకు నీళ్లు పెట్టి, అన్నం వార్చి అప్పుడు పుస్తకం తీస్తుంది. ఆమెకు పదిలో 480 వస్తే ఏ ఫొటోలోనూ ఉండదు. ఆ 480కి ముందు ఎన్ని పనులు చేసిందో ప్రోగ్రెస్ కార్డు చెప్పదు.

అలాగని ఆమె పనులనూ గంటల్లోకి మార్చి పాయింట్లు వేద్దామంటే పెద్దాయన ఫోను పట్టుకుని ఫొటో దిగే పిల్లలు పుట్టుకొస్తారు. కొలతలో పెడితే సేవ కూడా మార్కులాగే అయిపోతుంది. కాబట్టి కొలవకుండా గుర్తించే దారి ఒకటి వెతుక్కోవాలి. అందుకు తెలిసినవాళ్లను అడగాలి. ఎవరిని అడగాలన్నదే ప్రశ్న. అమెరికాలో విద్యార్థి గురించి నివేదిక రాసేది బడి కౌన్సెలర్. ఒక్కొక్కరి చేతిలో 250 మందికి మించి పిల్లలు ఉండకూడదని వారి సంఘమే చెబుతోంది. వాస్తవంలో దేశ సగటు అంతకు చాలా ఎక్కువే. ఆయనకు పిల్ల గ్రేడ్లు తెలుస్తాయి, వాళ్ల అమ్మ షిఫ్టు వేళలు ఎలా తెలుస్తాయి? మన దగ్గర ఆ కౌన్సెలర్ కూడా లేడు. కానీ మధ్యాహ్న భోజనం వండే అమ్మకు తెలుసు, ఆరో తరగతి పిల్లలకు పెట్టేదాకా తన పళ్లెం ముట్టనిదెవరో. బడి ఊడ్చే ఆయమ్మకు తెలుసు, అడగకుండా వచ్చి బెంచీలు ఎత్తిపెట్టేదెవరో. వెనక బెంచీ వాళ్లకు తెలుసు, లెక్కలు అర్థమయ్యేదాకా విసుక్కోకుండా చెప్పిందెవరో.

ఈ జూన్‌లో పురస్కారాల జాబితా పంపేటప్పుడు ప్రతి హెడ్మాస్టరూ మార్కుల పేర్ల కింద ఇంకొక్క పేరు చేర్చి పంపితే సరిపోతుంది. వంటమ్మ, ఆయమ్మ, తోటి పిల్లలు కలిసి చెప్పిన పేరు అది. మార్కులు రాయనక్కర్లేదు, గంటలు వేయనక్కర్లేదు, ఎందుకో రెండు వాక్యాలు రాస్తే చాలు. నగదు బహుమతికి బడ్జెట్ లేదని శాఖవాళ్లు అనవచ్చు. లేకపోయినా ఫరవాలేదు. ప్రెసిడెన్షియల్ స్కాలర్ల చేతికి ప్రభుత్వం పెట్టేదీ ఒక పతకమే.