పిట్టలకు రేషన్ కార్డు లేదు



పోయిన నెల ఈ గోడపత్రికలో పదో తరగతి అక్క ఒకరు మంచి వ్యాసం రాశారు. చేతిలో పైసలు లేనప్పుడు దిగులు పడొద్దు, పిట్టలకు పెట్టే దేవుడు మనకు పెట్టడా అని అందులో ఉంది. అందరం చదివాం. నా పక్క మంచం అమ్మాయి నోట్సులో రాసుకుంది కూడా. నాకూ నచ్చింది. కానీ పడుకున్నాక మా ఇల్లు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను. అక్క కోపం చేసుకోవద్దు.

మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక కోయ గూడెం. మా ఇంట్లో దేవుణ్ణి నమ్మని మనిషి లేరు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో మా నానమ్మ మొదటి పువ్వు చెట్టు మొదట్లో పెట్టి దండం పెట్టుకుంటది. తర్వాతే గంపలో వేస్తది. "తల్లి రాల్చింది" అంటది. అట్లా అని ఇంట్లో కూర్చోదు. ఇంకా చీకటి ఉండగానే మమ్మల్ని లేపుతది. పొద్దెక్కితే పశువులు తినిపోతాయని ఆమె తొందర. ఎండలు ముదిరి ఇంట్లో గింజ అయిపోయినా ఆనపకాయ బుర్రలో దాచిన జొన్నలు, కందులు మాత్రం ముట్టనియ్యదు. విత్తనాల పండుగకు అవి కావాలి. ఒకసారి నేను ఆకలికి గుప్పెడు జొన్నలు తీసి వేయించుకుంటే రెండు రోజులు మాట్లాడలేదు.

మాకు కష్టం ఆషాఢం, శ్రావణం నెలల్లో. పాత గింజ ఉండదు, కొత్త పంట రాదు. వాగు పొంగితే కూలికి కూడా పోలేరు. అప్పుడు రేషన్ బియ్యమే దిక్కు. మనిషికి నెలకు 6 కిలోలు ఇస్తారు. మా తమ్ముడు 2019లో పుట్టాడు. ఆరేళ్ల దాకా కార్డులో వాడి పేరు ఎక్కలేదు. అంటే సంవత్సరానికి 72 కిలోలు మాకు రాలేదు. ఈ లెక్క నేను వేసేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బియ్యం చాలక నాన్న ఊళ్లో వడ్డీకిచ్చే ఆయన దగ్గర తెచ్చేవాడు. అది తీర్చడానికి అమ్మ మిరపకాయలు ఏరడానికి దూరం పోయేది. తమ్ముణ్ణి చూసుకోవడానికి మా అక్క ఏడో తరగతిలో బడి మానేసింది. అక్క ఇప్పుడు సంతకం పెడుతుంది గానీ చదవడం మర్చిపోయింది.

పేరు సంగతి అడుగుదామంటే అమ్మ ఎప్పుడూ ఒకటే మాట, "దేవుడికి తెల్వదా?" అని. దేవుడికి మా తమ్ముడు తెలుసు. డిపోకి తెలియదు. నా గొడవ అంతా ఇక్కడే. వాన, పువ్వు, కొండలో గడ్డలు ఇవి దేవుడు ఇచ్చేవి. వాటికి దండం పెట్టి ఎదురుచూడటం సరైనదే. బియ్యం, కూలి డబ్బులు మనుషులు ఇవ్వాల్సినవి. అక్కడ కూడా దేవుడే ఇస్తాడని ఊరుకుంటే, ఇవ్వాల్సిన మనిషి హాయిగా ఇంటికి పోయి అన్నం తింటాడు. దేవుణ్ణి నమ్మొద్దని నేను అనడం లేదు.

పిట్టల సంగతి కూడా చూశాను. మన హాస్టల్ వెనక చింతచెట్టు మీద పిట్టలు స్టడీ బెల్లు కంటే ముందే లేస్తాయి. సాయంత్రం దాకా తిరుగుతాయి. వాటికి అప్పు లేదు, వడ్డీ లేదు, రేషన్ కార్డు లేదు. మనకున్నాయి.

2025 జనవరిలో ఊళ్లో గ్రామసభ పెట్టి కార్డుల దరఖాస్తులు తీసుకున్నారు. నాకు జ్వరం వచ్చి అప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాను. మా ఇంట్లో రాయగలిగింది నేనే. తెల్లకాగితం మీద రాసి, తమ్ముడి ఆధార్ జిరాక్సు పెట్టి ఇచ్చాను. చేతులు వణికి ఒక కాగితం పాడైంది. వానాకాలంలో పేరు ఎక్కింది.

కానీ ఒకటి దాచకుండా చెప్పాలి. బియ్యం లేని రోజుల్లో అమ్మ ఒక్కసారి కూడా ఏడవలేదు. చారెడు నూకలతో జావ కాచి, నవ్వుతూ మాకు పోసేది. ఆ ధైర్యం ఆమెకు నమ్మకం వల్లనే వచ్చింది. నాకు అంత లేదు. హాస్టల్లో కూర తక్కువైతేనే నాకు ఏడుపొస్తది.

పేరు ఎక్కితే తమ్ముడి ఎత్తు బెల్లం ఇస్తానని అమ్మ సమ్మక్క తల్లికి మొక్కిందట! వాడు పదహారు కిలోలున్నాడు. మళ్లీ కూలికి పోవాల్సిందే. నేను వద్దనలేదు. "దరఖాస్తు రాసింది నేను కదమ్మా" అని మాత్రం అన్నాను. అమ్మ నవ్వి, "నీకు రాత ఎవరిచ్చారే?" అన్నది. ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. పదో తరగతి అక్కకు తెలిస్తే వచ్చే నెల పత్రికలో రాయాలి.

మీ ఇళ్లలో ఎవరి పేరైనా కార్డులో లేకపోతే ఆదివారం స్నానాలయ్యాక నా దగ్గరికి రండి. మూడో గదిలో కిటికీ పక్క మంచం నాది. తెల్లకాగితాలు ఉన్నాయి. ఆధార్ నంబరు మీరు తెచ్చుకోవాలి.

— 9వ తరగతి విద్యార్థిని