డప్పుకు చప్పట్లు సరే, రోజు కూలి మాటేంది?

మొన్నామధ్య ఒక జిల్లా కేంద్రంలో సాంస్కృతిక సభ అని మమ్మల్ని పిలిచారు. ఎవరు పిలిచారో, ఏ హాలో ఇక్కడ రాయం. అట్లాంటి హాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నాయి, అట్లాంటి పిలుపులు అన్ని డప్పు దళాలకూ వచ్చినవే. పొద్దున పదికి రమ్మంటే తొమ్మిదింటికే పోయాం. పెద్దమనిషి కారు వచ్చేసరికి నాలుగు దాటింది. అప్పటిదాకా గేటు కాడ ఎండలో నిలబడ్డాం. ఆయన కారు దిగంగానే మోగించాలి, మెట్ల దాకా ముందు నడవాలి. మెట్ల కాడ మా పని అయిపోయింది. లోపల పాట పాడబోయే ఒకాయన్ని పరిచయం చేస్తున్న మాటలు మైకులో బయటికి వినబడ్డాయి. బ్యాంకు మేనేజరుగా అంత బరువైన బాధ్యతలు మోస్తూ కూడా ఆయన సంగీతాన్ని వదల్లేదట. హాలంతా చప్పట్లు.

మాలో ఒకడు మార్కెట్ యార్డులో హమాలీ. వాడు మోసే బరువు గురించి ఏ మైకూ ఏమీ అనలేదు. సాయంత్రం తలా ఒక శాలువా కప్పి పంపారు. శాలువా చూపిస్తే బస్సులో కండక్టర్ టికెట్ ఇవ్వడు గదా!

ఈ దేశంలో ఉద్యోగం చేసుకుంటూ సంగీతం సాధన చేసేవాణ్ణి ఔత్సాహిక కళాకారుడు అంటారు. కళాతృష్ణ అంటారు, సంస్కారం అంటారు. మరి తాపీ పని చేసుకుంటూ డప్పు కొట్టేవాణ్ణి ఏమంటారు? వాడు కూలోడు, డప్పు వాడి కులం. వాడికి ఉత్సాహం ఉందా, వాడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఎన్నేళ్లు సాధన చేశాడు అని అడిగిన నాథుడు లేడు. పుట్టుకతోనే వచ్చేసిందనుకుంటారు. మాదిగోడి బిడ్డ చెయ్యి తల్లి కడుపులోనే దరువు వేస్తుందట! కులం చేసే మాయ ఇదే. వాళ్ల సంగీతం నేర్చుకున్న విద్య అవుతుంది, మాది రక్తంలో ఉన్న గుణం అయిపోతుంది. విద్యకు ఫీజు ఉంటుంది. గుణానికి కూలి ఎవడిస్తాడు?

మా దళంలో పదకొండు మందిమి. ఇద్దరు సెంట్రింగు పనికి పోతారు, ఒకడు తాపీ మేస్త్రి, ఒకడు హమాలీ, ఒకడు ఆటో నడుపుతాడు. ఒకడు మున్సిపాలిటీలో కాంట్రాక్టు సఫాయి. ముగ్గురు పొలం పనులకూ కరువు పనికీ పోతారు. ఒక డిగ్రీ పిలగాడు సందు దొరికినప్పుడల్లా బండి మీద పార్సిళ్లు మోస్తాడు. పదకొండోవాడు సర్కారు బడిలో టీచరు. ఈ పదకొండు పనుల మధ్య డప్పు ఎట్లా ఇరుకుతుందో చెప్పాలి.

సావుకు ముహూర్తం ఉండదు. రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తుంది, ఫలానా ఊళ్లో ఫలానా పెద్దాయన పోయాడు, తెల్లారే రావాలి అని. సఫాయి పనికి తెల్లారక ముందే హాజరు వేయాలి. వేలిముద్ర పడకపోతే ఆ రోజు జీతం కోత, మూడు రోజులు పడకపోతే మనిషే కోత. సెంట్రింగు మేస్త్రికి రాత్రి ఫోన్ చేసి రాలేనంటే, పొద్దుటికి ఇంకొకణ్ణి అడ్డా మీద నుంచి ఎత్తుకుపోతాడు. ఆ పని ముగిసేదాకా మావోడు మళ్లీ అడ్డా మీదే. బ్యాంకు ఉద్యోగికి కచేరీ ఉంటే సెలవు చీటీ ఉంది. మాకు సెలవంటే ఆ పూట పొయ్యి వెలగకపోవడం.

ఇంకొకటి. సిర్ర పట్టి నాలుగైదు గంటలు నడుస్తూ కొడితే చెయ్యి ఎట్లా వాస్తుందో కొట్టినవాడికే ఎరుక. తెల్లారి అదే చేత్తో తట్ట ఎత్తాలి. చర్మం మెత్తబడితే గడ్డి మంట మీద కాచాలి, ఆ పొగంతా మా కండ్లల్లోకే. ఈ మధ్య ఫైబర్ డప్పులు వచ్చాక కాచే బాధ తగ్గింది గానీ, ఆ మోత మాకు నచ్చదు. అది వేరే ముచ్చట.

టీచర్ సంగతి వేరు. ఆయనకు సెలవుంది, జీతముంది. అయినా డప్పును ఇంట్లో పెట్టుకోడు, మా హమాలీ ఇంట్లో పెడతాడు. ఎందుకంటే ఆయన అద్దె ఇల్లు వేరే కులపోళ్ల వాడలో ఉంది. అటక మీద డప్పు కనబడితే ఇంటి ఓనరు పై నెల ఏ సాకు చెబుతాడో ఆయనకు తెలుసు. వీణ గోడకు వేలాడదీస్తే అది ఇంటికి అలంకారం. డప్పు వేలాడదీస్తే అది కులం సర్టిఫికెట్.

ఇక్కడ మావోళ్లలోనే కొందరు అడ్డం తిరుగుతారు. డప్పు వెట్టికి గుర్తు, దాన్ని పారేయక ఇంకా కూలి అడుగుతారేమిటి అంటారు. వాళ్ల కోపం అబద్ధం కాదు. మా తాతలు డప్పు కొట్టింది ఉత్సాహంతో కాదు. ఊళ్లో ఎవడు చచ్చినా, దొర కొడుక్కి పెండ్లయినా, చాటింపు వేయాలన్నా మాదిగ ఇంటి ముందుకొచ్చి కేకేస్తే పోవాలి. కూలి అంటే ఇంత గింజ, ఇంత కల్లు, తినగా మిగిలింది. రానంటే దెబ్బలు, వెలి. రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించినా, 1989 అత్యాచారాల నిరోధక చట్టం వెట్టి చేయించడం నేరమని రాసినా ఊరి కట్టుబాటు కాగితాలు చదవదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసిన తరం డప్పు కొట్టం పొమ్మంది. ఆ పొమ్మనడం వల్లే ఈ రోజు మేం రేటు గురించి మాట్లాడగలుగుతున్నాం. కొట్టనని చెప్పే హక్కు లేనివాడికి ఎంతిస్తావని అడిగే హక్కు ఎక్కడిది? ఈ రెండూ ఒకటే హక్కు.

ఆ డప్పే 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో ఉద్యమానికి పేరైంది. దండోరా అంటే అప్పటిదాకా దొర మాటను ఊరికి చాటేది. అప్పట్నుంచి మా మాటను రాజ్యానికి చాటింది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పేదాకా ముప్పై ఏళ్లు ఆ మోత ఆగలేదు. ఆ ముప్పై ఏళ్లలో డప్పు భుజాన వేసుకొని పాదయాత్రల ముందు నడిచినవాళ్లు తెల్లారితే కూలికి పోయినవాళ్లే. ఉద్యమం కోసం కొట్టినదానికి మేం కూలి అడగలేదు, అడగం. అది మా పని. కానీ మీ మంత్రికి స్వాగతం మా పని కాదు, మీ కంపెనీ పండగ మా పని కాదు.

శాస్త్రీయ సంగీతం ఉత్త భక్తితో బతికిందని అనుకునేరు. దానికి రాజులిచ్చిన మాన్యాలున్నాయి. రాజులు పోయాక ఆకాశవాణి వచ్చింది, నిలయ విద్వాంసులని నెల జీతాలిచ్చింది. ప్రభుత్వ సంగీత కళాశాలలు వచ్చాయి, వీణకూ వయొలిన్‌కూ మృదంగానికీ పోస్టులిచ్చాయి. మంచిదే, కళాకారుడికి జీతం ఉండాల్సిందే. డప్పు మాస్టారు అని బోర్డు రాసిన గదిని మాత్రం మేమింకా చూడలేదు. ఆ మృదంగానికి ఆవు తోలు, మేక తోలు, బర్రె తోలు బిగించే చేతులు ఎవరివో కూడా అడగండి. తమిళనాడులో ఆ చేతుల మీద టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాస్తే, దాని ఆవిష్కరణకు ఇచ్చిన హాలును చెన్నై కళాక్షేత్ర ఆఖరి నిమిషంలో వెనక్కి తీసుకుంది. తోలు వేదిక మీదికి రావచ్చు. తోలు పనివాడి పేరు రాకూడదు.

ఇక అవార్డులు. దర్శనం మొగులయ్యది పన్నెండు మెట్ల కిన్నెర. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2024లో అదే మనిషి హైదరాబాద్ పక్కన కట్టుబడి కూలీగా పని చేస్తున్నాడని పేపర్లన్నీ రాశాయి. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ఇచ్చింది గదా, ఏం చేశాడు అని కొందరు లెక్కలడిగారు. పిల్లల పెండ్లిళ్లకు, జాగాకు అయిపోయాయని ఆయన దాచకుండానే చెప్పాడు. జీవితమంతా నెల జీతం లేని ఇంట్లో అప్పులు ఎన్ని తరాలవి ఉంటాయో ఆ అడిగినవాళ్లకు తెలుసా? పద్మశ్రీ ఇచ్చాక ఆయన ఇటుకలు మోయడం వీళ్లకు సిగ్గనిపించింది. అంతకు ముందు మోసినప్పుడు సిగ్గు ఎటుపోయింది? మేం అడిగేది దానం కాదు, ఒక్కసారి కురిసే వాన కాదు.

గద్దర్ 1975లో కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరి, 1984లో ఆ ఉద్యోగం వదిలేసి పూర్తికాలం పాటలోకి పోయాడు. గొప్ప త్యాగమే, మేం దండం పెడతాం. కానీ వదిలేయడానికి కూడా ముందు చేతిలో ఒక ఉద్యోగం ఉండాలి గదా! అడ్డా మీది కూలి ఏం వదిలేస్తాడు?

సర్కార్లు ఏమీ చేయలేదని అనం. ఆంధ్రప్రదేశ్‌లో యాభై ఏళ్లు దాటిన డప్పు కళాకారులకు పింఛను ఉంది, 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు. ముసలి చేతులకు అది ఆసరానే. అయితే యాభై దాకా ఎట్లా బతకాలి? తెలంగాణలో రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి 550 మందిని జీతం మీద తీసుకున్నారు. ఉద్యమంలో గొంతు చించుకున్నవాళ్లకు నెల జీతం రావడం మాకూ సంతోషమే. కానీ పాడాల్సింది సర్కారు పథకాల పాట. జీతమిచ్చినోడి దరువే కొట్టాలంటే పాత చాటింపుకూ దీనికీ ఎంత దూరం? ఈ మాటకు మా సారథి తమ్ముళ్లకు కోపమొస్తే రానీ, పక్కన కూర్చొని కొట్లాడుకుందాం.

మేం పదకొండు మందిమి కూర్చొని ఒక నోటుబుక్కు కొన్నాం. మొదటి పేజీలో రాసుకున్నది ఇది: మనిషికి తాపీ మేస్త్రి రోజు కూలికి తక్కువ తీసుకోం. సగం ముందే ఇవ్వాలి. పోను రాను బండి కిరాయి పిలిచినవాళ్లదే. అన్నం అందరి బంతిలోనే, అందరి పళ్లాల్లోనే. కూలికి బదులు సారా సీసా పట్టం. సభకైతే గేటు కాడ కాదు, వేదిక మీద పేర్లు చదివి పిలవాలి. మా ఆడోళ్లు కొట్టడం నేర్చుకుంటున్నారు, వాళ్లకూ అదే రేటు. ఈ చివరి మాట మీద మాలోనే రెండు రాత్రులు గొడవ పడ్డాం. గొడవ పడ్డాకే రాసుకున్నాం.

ఈ షరతులు విని మొదటి ఫోన్ చేసినాయన నవ్వాడు. "డప్పోళ్లకు కూడా అడ్వాన్సారా? డీజే పెట్టుకుంట పో" అన్నాడు. పెట్టుకోమన్నాం. రెండు రోజులకు మళ్లీ ఆయనే చేశాడు. డీజేవాడు సగం పైసలు చేతిలో పడితే తప్ప బండి కదపనన్నాడట.

సగం పంపమన్నాం. పంపాడు. రెండో పేజీలో రాసుకున్నాం.