కందిపువ్వును చెక్కిన ఇద్దరు

జహీరాబాద్ చుట్టుపక్కల పురుగు మాట ఎత్తితే మందు డబ్బా గుర్తుకు రావడం ఏనాటినుంచో ఉన్నదే. పురుగు శత్రువు కాదని నేననను. కందికాయను తొలిచే శనగపచ్చ పురుగు ఇంటిల్లిపాది కష్టాన్నీ తినేయగలదు. నా అభ్యంతరమల్లా ఒక్కటే: మొక్కలో మనం చూసే గుణాలు అనేకం ఆ శత్రువుతో పోరులోనే రూపుదిద్దుకున్నాయన్న సంగతి మన వ్యవసాయ ఆలోచనలో ఎక్కడా కనిపించదు.

లేత జొన్న మేసిన పశువుకు నాము తగులుతుందని ఇక్కడి కాపరులకు ఎవరూ నేర్పనక్కరలేదు. లేత ఆకులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలినప్పుడు అది విరిగి సైనైడ్ విషం వెలువడుతుంది. వానలు మొహం చాటేసిన ఏడు ఆ విషం మరీ ఎక్కువ. మొక్క ముదిరేకొద్దీ అది తగ్గి, అదే జొన్న చొప్పయి పశువుకు మేత అవుతుంది. శనగ ఆకుమీది పులుపూ ఇటువంటిదే: మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు పురుగుకు గిట్టవు. కుసుమ ముళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు, చేను అంచున నాలుగు సాళ్ళు వేస్తే అదే కంచె.

పువ్వు కథ వేరు. జొన్నకు గాలి చాలు, కనుక సింగారం లేదు. శనగ పువ్వు విచ్చుకోకముందే లోపలి పని ముగించుకుంటుంది. కంది తనంతట తాను కాయగలిగినా తలుపు తెరిచే ఉంచుతుంది. పచ్చని రేకులు, కొన్ని రకాలలో వాటిపై ఎర్రని గీతలు, తుమ్మెద వాలితే దాని బరువుకు కుంగే అడుగు రేకులు, పొట్టకు అంటే పుప్పొడి, ఇవన్నీ ఆ అతిథికోసమే. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 1991లో ఐసీపీహెచ్ 8 అనే సంకర కందిని తేగలిగారంటే, పుప్పొడి మోసే ఈ కూలీలు ఉన్నందువల్లనే.

పురుగూ తుమ్మెదా ఒకే మొక్కమీద కలిస్తే ఏమవుతుంది? జూరిచ్ పరిశోధకులు ఆవాల బంధువైన ఒక మొక్కను ఆరు తరాలపాటు పెంచి చూసి, 2019లో ఫలితాలు ప్రకటించారు. తేనెటీగ జాతి కీటకాలు మాత్రమే వచ్చిన చోట పూల ఆకర్షణ పెరిగింది. ఆకు తినే పురుగులను కూడా వదిలిన చోట ఆ పెరుగుదలకు అడ్డుకట్ట పడింది. ఆరంటే ఆరు తరాలు! ఏటా విత్తే కందికి అది ఆరేళ్ళ లెక్క.

మూడో చెయ్యి మనది. అడవి కంది కాయమీద దట్టమైన నూగు ఉంటుంది, పిల్ల పురుగు దాన్ని దాటి కాయను చేరలేదు. మనం పండించే కంది కాయమీది జిగురు నూగు పురుగును ఆపకపోగా తినమని ఉసిగొల్పుతుందని తేలింది. గింజ చూసి, రుచి చూసి ఏరుకున్నాము, నూగును ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు ఆ లోటును మందుతో పూడుస్తున్నాము. పూతమీద కొట్టిన మందుకు పురుగేదో తుమ్మెదేదో తెలియదు.

ఇక్రిశాట్ శీతలగదుల్లో వేల కంది రకాలు భద్రంగా ఉన్నాయి. వాటి విలువను తక్కువ చేయను. అయితే నిద్రపోతున్న విత్తనాన్ని ఏ పురుగూ పరీక్షించదు, ఏ తుమ్మెదా పలకరించదు. ఆ పరీక్ష జరిగేది అదే రహదారిమీద ఇంకొంత దూరాన, పస్తాపూర్ చుట్టూ ఉన్న చేలల్లో. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు జొన్న, కంది, కుసుమ వంటివి కలిపి విత్తి, విత్తనం ఇంట్లోనే దాచుకుంటూ వచ్చారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థకు దక్కింది. బహుమతి మంచిదే. కానీ శీతలగదికి కరెంటు ఖర్చు ఇచ్చినట్టు, విత్తనాన్ని మట్టిలో మేలుకొలిపి ఉంచే స్త్రీకి ఏటా ఖర్చు ఎందుకివ్వరు? ఆమె చేస్తున్నది కూడా భద్రపరచడమే, పైగా పురుగు తిన్న వాటా ఆమె గాదెలోంచే పోతుంది.

ఖర్చు లేని పనులూ ఉన్నాయి. కందిమొక్కను దులిపి, రాలిన పురుగులను దుప్పటిలో పట్టడం తెలంగాణ రైతుకు పాత విద్యే. పూతకాలంలో పిచికారీకి ముందు ఒకసారి అది చేసి చూడవచ్చు. గట్టుమీది ఎండుమొద్దును పొయ్యిలోకి కొట్టకుండా వదిలితే తుమ్మెదలు దాన్ని తొలిచి గూడు పెట్టుకుంటాయి.