బీరునకు కాఫీ వాసన

శంషాబాదున 2008వ సంవత్సరమున విమానాశ్రయము తెరువబడిన పిదప మన గ్రామముల యువకులనేకులు అచ్చటి హోటళ్ళలోను గిడ్డంగులలోను పని చేయుచున్నారు. 2015వ సంవత్సరపు నిబంధనలతో హైదరాబాదు నగరమున చిన్న బీరు తయారీశాలలకు అనుమతి కలుగగా, కాఫీ వాసన గల నల్లని బీరును గూర్చియు వారికి తెలియవచ్చినది. "మన యింటనే బీరు పులియబెట్టి అందు కాఫీ వేసికొనరాదా?" యని కొందరు సభ్యులు మమ్ముల నడుగుచున్నారు.

పులియబెట్టరాదని మా యభిప్రాయము. లైసెన్సు లేక మత్తుపానీయము తయారుచేయుట 1968 నాటి ఆబ్కారీ చట్టము ననుసరించి నేరము. అమ్మలేదు, మేమే త్రాగితిమి అన్నంత మాత్రమున నేరము పోదు. రెండు సీసాల సరదాకై నాట్లనాడు కోర్టు వాయిదాకు పోవలసివచ్చిన నష్టమెంతో సభ్యులే లెక్క గట్టుకొందురు గాక.

అదియునుగాక, కాఫీ వాసన కొరకు పులియబెట్టుటతో పనియే లేదు. నేర్పరులైన తయారీదారులు సైతము కాఫీని తరచు చివరనే కలుపుదురు. మొలకెత్తించి యెండబెట్టిన బార్లీ కషాయముతో బాటు కాఫీని మరిగించినచో సువాసన ఆవిరితో పోయి చేదు మిగులును. పులియునప్పుడు కలిపినను, కల్లుకుండలో నురుగు పొంగించు వాయువే యిచ్చటను పుట్టి పరిమళమును వెంటగొనిపోవును. మన యిండ్లలోని వేడి డికాక్షను ఇందుకు తగదు. వేయించిన గింజలను బరకగా విసరి, 100 గ్రాముల పొడిని ఒక లీటరు చన్నీటిలో వేసి, మూతపెట్టి ఫ్రిజ్జులో 12 మొదలు 24 గంటల వరకు నాననిచ్చి, మడచిన గుడ్డతో రెండు మారులు వడియగట్టవలయును. కాఫీ నూనె మిగిలినచో బీరుపై నురుగు నిలువదు. అంగడిలో కొన్న బీరు గ్లాసునకు ఈ నీరు రెండు చెంచాలు చాలును.

కాఫీ మత్తును దించునని యొక భ్రమ కలదు. నిద్రమబ్బు వీడును గాని నెత్తుటిలోని ఆల్కహాలు తగ్గదు. తాను తెలివిగా నున్నానని తలచి బెంగుళూరు రహదారిపై మోటారు సైకిలు నడుపువానిని గూర్చియే మాకు భయము.

ఇక గింజల మాట. అంగడిలోని పెక్కు పొడులలో చికోరీ యను వేరు కలిసియుండును. పాలకాఫీకి అదియే రుచి యనువారితో మాకు జగడము లేదు; కాని బీరునకు అది రంగును చేదును ఇచ్చునే గాని కోరిన పరిమళము నీయదు. అరకు లోయ గిరిజన రైతులు చెట్ల నీడను పెంచు అరబికా కాఫీకి 2019వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించెను. అంతకు ముందే, సహకార సంఘముగా నేర్పడిన అచ్చటి రైతుల గింజలు అమ్ముటకు 2017లో పారిస్ నగరమున 'అరకు' పేర దుకాణము వెలసెను. పండిన కాయలనే యేరి కోసి, బూజు పట్టకుండ నెండబెట్టిన రైతు శ్రమ వలననే ఆ పరిమళము నిలుచుచున్నది. దూరదేశమువారు దానికి వెల కట్టి కొనుచుండగా, సాటి సహకారులమైన మనము చికోరీ పొట్లములతోనే తృప్తి పడుట తగునా?

చికోరీ కలియని అరకు గింజలను అచ్చటి రైతు సంఘముల నుండి నేరుగా తెప్పించి, పావుకిలో సంచులలో సంఘపు దుకాణమున నమ్ముటకు, వచ్చు సర్వసభ్య సమావేశమున తీర్మానము చేయవలయునని కోరుచున్నాము.