మంజూరు భూమిలో కౌలు: యజమాని సమ్మతి ఒక్కటే చాలదు

గిరిజన భూమి అనగానే అడవి, ఏజెన్సీ గుర్తుకు వస్తాయి. కర్ణాటకలో రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు ప్రాంతమే లేదు. రాయచూరు జిల్లాలో నాయక, వాల్మీకి కుటుంబాలు షెడ్యూల్డు తెగలకు చెందినవైనా, వారి భూమికి రక్షణ ప్రాంతాన్నిబట్టి కాక, మంజూరును బట్టి లభిస్తుంది. ప్రభుత్వం షెడ్యూల్డు కులాలకు, తెగలకు మంజూరు చేసిన భూములకు 1978 నాటి బదలాయింపు నిషేధ చట్టమే కాపలా. నదికి అటువైపు అసైన్డ్ భూములకు 1977 నాటి చట్టం వంటిదే ఇది.

తుంగభద్ర ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో తెలుగు రైతులు క్యాంపులు కట్టుకొని స్థిరపడ్డారు. నోటిమాట కౌలు ఇక్కడ కొత్త కాదు. చిక్కు అక్కడే ఉంది. ఈ చట్టం దృష్టిలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. దానం, తనఖా, కౌలు, ఒప్పంద పత్రం సైతం అందులోనివే. కుటుంబ పంపకానికి, వీలునామాకు మాత్రమే మినహాయింపు. మిగిలిన వాటికి ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి. అది లేకుంటే అసిస్టెంట్ కమిషనరు భూమిని స్వాధీనపరచుకొని మూల హక్కుదారుకు గాని, వారసులకు గాని తిరిగి అప్పగించవచ్చు. 1984లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది.

ఏళ్లు గడిస్తే భయం లేదన్న నమ్మకమూ సడలింది. మితిమీరిన ఆలస్యంతో వచ్చిన దరఖాస్తు చెల్లదని 2017లో సుప్రీంకోర్టు చెప్పగా, గడువు వర్తించదంటూ 2023లో రాష్ట్ర శాసనసభ చట్టాన్ని సవరించింది.

శిక్షల్లోనూ తేడా గమనార్హం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరపూరిత అక్రమ ప్రవేశానికి గరిష్ఠ శిక్ష మూడు నెలల ఖైదు. దళిత, గిరిజనుల భూమిని అక్రమంగా ఆక్రమించినా, సాగుచేసినా అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు ఖైదు పడవచ్చు.

అప్పుకోసం మంజూరు పొలాన్ని వదులుకున్న కుటుంబానికి ఆ చెలకే ఆధారం. అడ్వాన్సు చెల్లించి నాట్లు వేసిన కౌలుదారుకు ఆ పంటే ఆధారం. ఇద్దరూ నష్టపోకుండా ఉండాలంటే మార్గం ఒక్కటే: డబ్బు చేతులు మారకముందే పహణితోపాటు మంజూరు ఉత్తర్వును చూడాలి. భూమి మంజూరుదని తేలితే, అనుమతి పత్రం చేతికి వచ్చేదాకా నాగలి గట్టు దాటరాదు.